ఆ నక్షత్రం తీసెయ్యి

అమ్మాయీ,

నీ కథ నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. చనిపోయిన కుర్రాడి బూట్లలో కాగితాలు కుక్కి ఇంకొకడు తొడుక్కునే చోట ఇక చదవలేక లేచి వరండాలో తిరిగాను. అంత బాగా రాసినదానివి, చివర్లో ఆ నక్షత్రం ఎందుకు పెట్టావు?

1942 చలికాలంలో నీ ఓబర్‌ఫెల్డ్‌వేబెల్‌కి, అంటే నీ కథలోని జర్మన్ సార్జెంటుకి, ప్రమోషన్ వచ్చి హౌప్ట్‌ఫెల్డ్‌వేబెల్ అయ్యాడనీ, భుజం మీద కొత్త నక్షత్రం మెరిసిందనీ రాశావు. హిట్లర్ కాలపు సైన్యంలో హౌప్ట్‌ఫెల్డ్‌వేబెల్ అనేది ర్యాంకు కాదమ్మా, సిపాయిల బాగోగులూ లెక్కలూ చూసే బాధ్యత. కంపెనీ అనే సైనిక దళానికి ఒక్కడే ఉంటాడు. ఆ పని అప్పగిస్తే భుజం మీద ఏదీ పెరగదు, రెండు చేతుల అంచులకీ రెండేసి వెండిరంగు పట్టీలు కుట్టేవాళ్లు. అది ర్యాంకు అయింది యుద్ధం ముగిశాక, పశ్చిమ జర్మనీ సైన్యంలో. మన సైన్యంలో కంపెనీ హవల్దార్ మేజర్ కూడా ఇలాంటి నియామకమే. మీ ఊళ్లో మాజీ సైనికుణ్ణి ఎవర్నడిగినా చెప్తాడు.

మనిషి చేసే పనికున్న అసలు పేరు తెలియకుండా ఆ మనిషిని రాయలేం. నేను నమ్మేది ఇదొక్కటే. పాత జర్మన్‌లో వైబెల్ అంటే కోర్టు బంట్రోతు లాంటివాడు. ఫెల్డ్ అంటే మైదానం. 16వ శతాబ్దపు కిరాయి దండుల్లో యుద్ధానికి ముందు జనాన్ని వరసల్లో నిలబెట్టింది ఈ ఫెల్డ్‌వేబెలే. ప్రష్యా సైన్యానికి వచ్చేసరికి కంపెనీలో ఆఫీసర్ల కింద అందరికీ పెద్ద అయ్యాడు. సిపాయిలు అతన్ని 'కంపెనీ తల్లి' అన్నారు. 'ష్పీస్' అని కూడా అన్నారు, అంటే ఈటె. తల్లీ అతనే, ఈటే అతనే! ఇంత ఉన్న మనిషికి నువ్వు నక్షత్రం తగిలించి వదిలేశావు.

నా మొదటి కథలో కరణం ఉన్నాడు. ఒక వారపత్రిక సంపాదకుడు, పాఠకులకు బరువవుతుందని, అంతటా 'గ్రామాధికారి' అని మార్చేశాడు. మునసబు శిస్తు వసూలు చేస్తాడు, కరణం లెక్కలు రాస్తాడు. నా కథలో రైతు పొలం పోయింది ఆ లెక్కల్లోనే. అచ్చయ్యాక మా ఊరి పెద్దాయన, "ఎవర్ని గురించి రాశావురా, మునసబునా, కరణాన్నా?" అన్నాడు. తలెత్తలేకపోయాను. 1984లో ఆ ఉద్యోగాలే రద్దయ్యాయి, నా కోపం మాత్రం ఇంకా పోలేదు. ఇప్పటివాళ్లు మూడ్ ఉంటే చాలు, వివరాలెందుకు అంటున్నారు. వాళ్ల మాట వినకు.

కథల పోటీ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ హౌప్ట్‌ఫెల్డ్‌వేబెల్ కోటు చూడు. గుండీల మధ్య లావుపాటి నోటుబుక్కు దోపుకుని ఉంటాడు. ఎవడు సెలవులో ఉన్నాడు, ఎవడు ఆస్పత్రిలో ఉన్నాడు, రాత్రి కాపలా ఎవరిది, అన్నీ అందులోనే. ఆ బూట్ల కుర్రాడు పోయిన సాయంత్రం అతను ఆ పుస్తకం తీసి ఒక పేరు కొట్టెయ్యాలి, మర్నాటి రొట్టెల్లో ఒకటి తగ్గించాలి. ఆ సీను రాసి పంపు.

ఆశీస్సులతో