ఎవరున్నారు సరే, అక్కడే ఎందుకున్నారు?

చిరంజీవి అమ్మాయికి,

నీ వ్యాసం అందింది. 14 పేజీలు, 22 మంది ప్రముఖులు. రెండుసార్లు చదివాను. మొదటిసారి మంచం మీద పడుకుని, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. పెన్సిల్ పట్టుకున్నాక నేనెలా ఉంటానో ఈపాటికి ఎవరో ఒకరు నీకు చెప్పే ఉంటారు.

"సుల్తాన్ బజార్ మహనీయులు" అని పేరు పెట్టావు. ఒక్కొక్కరికీ అరపేజీ చొప్పున పంచావు. ఎక్కడ పుట్టారు, ఏం చదివారు, ఏ సేవ చేశారు, ఎప్పుడు పోయారు. పేజీలు తిప్పుతుంటే సంస్మరణ సంచిక చదువుతున్నట్టే ఉంది. సుల్తాన్ బజార్ అన్నచోటల్లా కొట్టేసి బర్కత్‌పురా అని రాసినా వ్యాసంలో ఒక్క వాక్యం కూడా ఇబ్బంది పడదు. ఫొటో స్టూడియోలో వెనక కట్టే తెర ఉంటుందే, నీ పేట అలా అయిపోయింది. ముందు నిలబడేవాళ్లు మారుతుంటారు, తెర మాత్రం అదే.

నేను అడగాలనుకున్నది ఒక్కటే. వీళ్లంతా ఈ నాలుగు గల్లీల్లోనే ఎందుకు పోగయ్యారు? చార్మినార్ దగ్గర ఎందుకు లేరు? ఈ ప్రశ్న నీకు తట్టి ఉంటే 22 అరపేజీలు రాసేదానివి కాదు.

కోఠీ దగ్గర మొదలుపెడదాం. కోటి రూపాయలతో కట్టారు కాబట్టి కోటి అని పేరొచ్చిందని రాశావు. ఆ మాట చిన్నప్పుడు నేనూ విన్నాను. పెన్సిల్‌తో గట్టిగా కొట్టేశాను. కోఠీ అంటే ఉర్దూలో పెద్ద బంగళా. ఇక్కడ ఆ బంగళా బ్రిటిష్ రెసిడెన్సీ. 1798 నుంచి 1805లో చనిపోయేదాకా రెసిడెంటుగా, అంటే నిజాం దగ్గర బ్రిటిష్‌వాళ్ల ప్రతినిధిగా ఉన్న జేమ్స్ కిర్క్‌పాట్రిక్ మూసీకి ఉత్తరపు గట్టున కట్టించాడు. 1949 నుంచి అందులో ఆడపిల్లల కాలేజీ నడిచింది కాబట్టి నీకు నాకంటే బాగా తెలియాలి. మెట్లకు అటూ ఇటూ సింహాలు, పైన త్రికోణంలో ఈస్టిండియా కంపెనీ ముద్ర.

ఆ బంగళా చుట్టూ పెరిగిన బజార్లే రెసిడెన్సీ బజార్లు. నీ వ్యాసం మొత్తానికి తాళంచెవి ఇక్కడుంది. ఆ బజార్లలో నిజాం హుకుం నడిచేది కాదు. పోలీసూ, కోర్టూ రెసిడెంటువి. అంటే నిజాం రాజ్యం నడుమ, గల్లీలో ఓ గీత దాటితే ఇంకొకరి చట్టం. అప్పులిచ్చే సాహుకార్లు, గుజరాతీ, మార్వాడీ వర్తకులు ఇక్కడ చేరడానికి కారణం ఆ గీతే. తమ పెట్టెలకి బ్రిటిష్‌వాడి కాపలా ఉంటుందని ధైర్యం. గుజరాతీ గల్లీ, బ్యాంక్ స్ట్రీట్ అనే పేర్లు మనం రోజూ పలుకుతూనే ఉన్నాం, అవి ఎలా వచ్చాయో మాత్రం అడగం. 1933లో ఈ బజార్లను నిజాంకి తిరిగి ఇచ్చేశారు. సుల్తాన్ బజార్ అన్న పేరు అప్పటిది. నువ్వేమో 1857 గురించి రాస్తూ కూడా సుల్తాన్ బజార్ అనే రాశావు. అప్పటికి ఆ పేరే పుట్టలేదమ్మా.

1857 జూలై 17 సాయంత్రం గురించి నువ్వు రాసిన పేరా బాగుంది. ఇంకా బాగుండాల్సింది. తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ తమ మనుషులతో రెసిడెన్సీ మీదికి వచ్చారు, పోరాడారు, ఓడారు. ఇంతే రాశావు. వాళ్లు ఎక్కడ నిలబడి కాల్చారు? పుత్లీబౌలీ వైపు గేటుకి ఎదురుగా అబ్బన్ సాహెబ్‌వి, జైగోపాల్ దాస్‌వి రెండు పెద్ద ఇళ్లుండేవి. ఆ ఇళ్లలోకి దూరి, అక్కణ్ణుంచి రెసిడెన్సీ మీదికి తుపాకులు పేల్చారు. ఆ ఒక్క వివరంతో పేట అంతా కళ్లముందుకు వస్తుంది. రెసిడెన్సీ గోడకీ ఇంటి గోడకీ మధ్య తుపాకీ గుండు అందేంత దూరమే ఉందన్నమాట. ఆ రాత్రి ఆ గల్లీలో అన్నం తింటున్నవాళ్ల టెన్షన్ ఊహించుకో. ఊహించుకోమన్నాను, రాయమనలేదు. రాయాల్సింది గోడలు, దూరం, గేటు ఏ దిక్కున ఉంది, ఇవి. తుర్రేబాజ్ ఖాన్‌ని 1859లో చంపేసి, శవాన్ని తెచ్చి ఇక్కడే వేలాడదీశారు. అలావుద్దీన్ అండమాన్‌లో పోయాడు. కోఠీ బస్టాప్ దగ్గరున్న స్మారకాన్ని దాటి రోజూ ఎంతమంది బస్సెక్కుతారో, ఒకసారి తలెత్తి చదివేవాళ్లెంతమందో నువ్వే నిలబడి చూడు.

ఇప్పుడు నీ ప్రముఖుల దగ్గరికి వద్దాం. 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు, ముగ్గురికీ మూడు అరపేజీలు ఇచ్చావు. మూడు చోట్లా అదే గ్రంథాలయం, అదే తేదీ. విడదీశావు కాబట్టి మూడుసార్లు చెప్పాల్సొచ్చింది. కలిపి చెప్పి ఉంటే సగం పేజీలో అయిపోయేది, మిగతా పేజీలో అసలు సంగతి రాసేదానివి. ఉర్దూ రాజభాషగా ఉన్న రాజ్యంలో, తెలుగు చదువుకునే బడే కష్టంగా దొరికే చోట, తెలుగు పుస్తకాలకి ఒక ఇల్లు కావాల్సొచ్చింది. ఆ ఇల్లు రావిచెట్టు రంగారావు గారిది, రెసిడెన్సీ బజార్లో. ఆయన ఇల్లు అక్కడుంది కాబట్టి అక్కడ పెట్టారు, అంతేగా అంటావు. కాదనను. కానీ అంతకు తొమ్మిదేళ్ల ముందే, 1892లో, ఆర్యసమాజం కూడా ఇక్కడే మొదలైంది. తర్వాత 1907లో కేశవరావు కోరట్కర్ లాంటి మరాఠీ పెద్దలు వివేకవర్ధిని బడి పెట్టిందీ ఈ చుట్టుపక్కలే. ఒకటైతే ఇల్లు దొరికిందనుకుంటాం. మూడైతే గీత కనపడుతుంది. గీతకి అవతల సభ పెట్టుకోవాలంటే ముందు సర్కారు అనుమతి కావాలనే రోజులు వచ్చాయి. గస్తీ నిషాన్ 53 అని దానికో పేరు, పాత కార్యకర్తలు ఆ అంకెని తిట్టులా వాడేవాళ్లు.

అయితే గీత లోపల అంతా చల్లగా ఉందనుకోకు. 1921 నవంబరులో వివేకవర్ధిని థియేటర్లో సంఘ సంస్కరణ సభ జరిగింది. ఆడవాళ్ల చదువు కోసం పనిచేసిన మరాఠీ సంస్కర్త మహర్షి కార్వే అధ్యక్షుడు. ఇంగ్లీషులో మాట్లాడారు, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడారు, సభ విన్నది. అల్లంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మొదలుపెట్టేసరికి ఈలలు, చప్పట్లు, గోల. మాట్లాడనివ్వలేదు. ఆ రాత్రే కొద్దిమంది తెలుగువాళ్లు టేకుమాల రంగారావు గారింట్లో కూర్చుని ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు. నువ్వు దీన్ని మాడపాటి హనుమంతరావు గారి అరపేజీలో ఒక్క వాక్యంలో ఇరికించావు! వ్యాసం మొదలుపెట్టాల్సిందే ఆ రాత్రితో. థియేటర్ నుంచి ఆ ఇంటికి నడిచి వెళ్లేటప్పుడు వాళ్ల చెవుల్లో ఇంకా ఆ గోల ఉండే ఉంటుంది.

ఇంకో సంగతి. మాడపాటివారు 1928లో పెట్టిన తెలుగు ఆడపిల్లల బడికి గుర్తింపు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూశావా? పూనాలో కార్వే నడిపిన మహిళా విశ్వవిద్యాలయం నుంచి. తెలుగు మాట నోట్లోనే నొక్కేసిన సభకి అధ్యక్షుడిగా కూర్చున్నాయనే, తర్వాత తెలుగు పిల్లల చదువుకి దారి ఇచ్చాడు. ఇలాంటి ముడి దొరికితే నాకైతే ఆ వారం నిద్రపట్టేది కాదు. నీ వ్యాసంలో కార్వే పేరు ఒక పేజీలో, బడి ఇంకో పేజీలో, ఒకదాన్నొకటి ఎరగనట్టు ఉన్నాయి.

ఇక నీ మీద నిజంగా కోపం వచ్చిన చోటు. సరోజినీ నాయుడికి పేజీన్నర ఇచ్చావు. ఆమె ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్, 1905లో వచ్చిన ఆమె మొదటి కవితల పుస్తకం పేరే ఇంటికీ వచ్చింది, అంతా నిజమే. కానీ అది ఉన్నది నాంపల్లి దారిలో. పేరు గొప్పదని పక్కపేట నుంచి లాక్కొచ్చావు. ఇటేమో ఇసామియా బజార్, నీ సుల్తాన్ బజార్ నుంచి పది నిమిషాల నడక కూడా లేదు. అక్కడ 1910లో భాగ్యరెడ్డి వర్మ దళిత పిల్లల కోసం బడి తెరిచారు. అప్పటికి నాలుగేళ్ల ముందే జగన్మిత్ర మండలి పెట్టి హరికథలతో వాడవాడలా తిరిగిన మనిషి. ఆయన ఆది హిందూ భవన్ చాదర్‌ఘాట్‌లో. నీ 22 మందిలో ఆయన లేడు. కావాలని వదిలేశావని అనుకోను. నువ్వు అడిగిన ఇళ్లలో ఆయన పేరు చెప్పేవాళ్లు లేరు, అంతే. అందుకే ఎవరి ఇళ్లలో అడిగావో ఒక కాగితం మీద రాసి చూసుకో. నేను నా మొదటి పుస్తకానికి ఆ పని చెయ్యలేదు. అచ్చయ్యాక చూస్తే నాకు కథలు చెప్పిన అందరూ మేడలున్నవాళ్లే.

కిర్క్‌పాట్రిక్ భార్య ఖైరున్నిసా బేగం గురించి రాసింది తగ్గించు. ప్రేమకథ అందరూ రాశారు. ఆమె కోసం కట్టిన రంగమహల్‌ని 1860 ప్రాంతంలో కూల్చేశారు. కానీ ఇప్పటికీ ఆటోవాడితో రంగమహల్ చౌరస్తా అంటే తీసుకెళ్లి దింపుతాడు. లేని ఇంటి పేరు మీద బస్సులు ఆగుతున్నాయి. అది చాలు.

షోయబుల్లా ఖాన్ పేరాలో విశేషణాలు లెక్కపెట్టాను. ఆరు. నిర్భీక, నిష్కళంక... మిగతావి రాయను. ఇమ్రోజ్ అనే ఉర్దూ పత్రిక నడిపాడు, రజాకార్లని తప్పుపట్టాడు, హైదరాబాదు ఇండియాలో కలవాలని రాశాడు, 1948 ఆగస్టులో రాత్రిపూట కాచిగూడలో ఇంటికి వెళ్తుంటే చంపారు. రాసే చేతిని నరికారు. మూడు వారాలు తిరిగేసరికి పోలీస్ యాక్షన్ మొదలైంది. దీనికి విశేషణం ఎందుకు చెప్పు?

పని పద్ధతి గురించి రెండు మాటలు. హోటల్లో టీ తాగుతూ విన్నది టీ ఖరీదే చేస్తుంది. 30 ఏళ్ల కిందట ఒక వారపత్రికలో, ఫలానా నాయకుడు ఈ ఇంట్లోనే ఉండేవాడని ఫొటోతో సహా రాశాను. చెప్పింది ఆ ఇంటి కింద కొట్టు నడిపే పెద్దమనిషి. రెండు వారాలకి ఒక పాఠకుడి కార్డు వచ్చింది: "అయ్యా, ఆ నాయకుడు పోయిన ఆరేళ్లకి మా నాన్నగారు ఆ ఇల్లు కట్టించారు." ఆ కార్డు ఇంకా నా దగ్గరుంది. అప్పట్నుంచి ఏ ఇంటి గురించి రాసినా ముందు మన్ మ్యాప్ తెరుస్తాను. లియొనార్డ్ మన్ 1912 నుంచి హైదరాబాదుని కొలిపించి గీయించిన పటాలవి. గల్లీలు, బావులు, ఇళ్లు విడివిడిగా కనిపిస్తాయి. మూసీ వరద 1908లో వచ్చింది కాబట్టి అవి వరద తర్వాతి ఊరిని చూపిస్తాయని మర్చిపోకు. పాత కాగితాలు కావాలంటే తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్ ఉంది. ఉర్దూ రాకపోతే ఉర్దూ వచ్చిన ఒకరిని టీ ఇప్పించి స్నేహం చేసుకో, ఇక్కడ మాత్రం టీ ఖర్చు దండగ కాదు. ఆ కాగితాల మీద ఫసలీ సంవత్సరాలుంటాయి, అది నిజాం సర్కారు లెక్క. మన ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే 590 కలుపు. అయితే ఆ సంవత్సరం అక్టోబరులో మొదలవుతుంది కాబట్టి జనవరి ఒకటి నుంచి వచ్చే తేదీలకి 591. నీ వ్యాసంలో రెండు తేదీలు ఏడాది అటూ ఇటూ జరిగింది అందుకే అనుకుంటున్నాను, ఏవో పెన్సిల్‌తో చుట్టాను.

మెట్రో కోసం కొట్లు పోయిన సంగతి నువ్వు ముగింపులో పెట్టి కన్నీళ్లు పెట్టించబోయావు. అక్కడొద్దు. ఆ బజార్లో గీతలు ముందునుంచీ ఎవరో ఒకరు గీస్తూనే ఉన్నారు, చెరుపుతూనే ఉన్నారు. దాన్ని 1933 పక్కన పెట్టి చూడు, వేరేగా కనిపిస్తుంది.

వచ్చే ఆదివారం పొద్దున్న పదింటికి భాషా నిలయం దగ్గర ఉంటాను. మోకాళ్ల వల్ల మెట్లు ఎక్కలేను, కిందే కూర్చుంటాను. నువ్వు వచ్చేటప్పుడు పుత్లీబౌలీ వైపు నుంచి నడిచి రా, ఆటోలో వద్దు. పాత గేటు ఉన్న చోటునుంచి భాషా నిలయానికి ఎన్ని అడుగులు పడతాయో లెక్కపెట్టి చెప్పు. నేను లెక్కపెట్టి చాలా ఏళ్లయింది, అప్పటికి మధ్యలో ఇన్ని స్తంభాలు లేవు.

ఆశీస్సులతో,
బాబాయి