ఎక్కువ ఓట్లు వచ్చినా ఓటమి ఎందుకు?

ప్రశ్న: 2016 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో హిల్లరీ క్లింటన్‌కు దేశం మొత్తం మీద ఎక్కువ ఓట్లు వచ్చినా డొనాల్డ్ ట్రంప్ గెలిచారు. చిన్న రాష్ట్రాలకు జనాభాకు మించి ఎలక్టోరల్ ఓట్లు (అధ్యక్షుణ్ణి అంతిమంగా ఎన్నుకునే, రాష్ట్రాల వారీ ఓట్లు) కేటాయించడమే ఇందుకు కారణమా?

జవాబు: కేటాయింపులో అసమానత ఉన్న మాట నిజమే కానీ, 2016 ఫలితానికి అసలు కారణం అది కాదు. ప్రతి రాష్ట్రానికీ ప్రతినిధుల సభలో ఎన్ని స్థానాలుంటే అన్ని, వాటికి తోడు ఇద్దరు సెనేటర్లకు గాను మరో రెండు ఎలక్టోరల్ ఓట్లు ఉంటాయి. రాజధాని వాషింగ్టన్‌కు ఇచ్చిన 3 కలిపితే మొత్తం 538. గెలుపునకు 270 కావాలి. ఆ అదనపు రెండూ పెద్దా చిన్నా తేడా లేకుండా దక్కుతాయి కనుకనే, 2020 జనాభా లెక్కల ప్రకారం వయోమింగ్‌లో సుమారు 1.92 లక్షల మందికి ఒక ఎలక్టోరల్ ఓటు ఉంటే, కాలిఫోర్నియాలో దాదాపు 7.3 లక్షల మందికి ఒకటి ఉంది.

ఆ రెండేసి ఓట్లను అందరికీ తీసేసి 2016 ఫలితాన్ని మళ్లీ లెక్కవేస్తే, ట్రంప్ గెలుచుకున్న 306లో 246, క్లింటన్ గెలుచుకున్న 232లో 190 మిగులుతాయి, విజేత మారరు. 2000 ఎన్నికల్లో మాత్రం ఇదే తీసివేత, గెలిచిన జార్జ్ బుష్‌ను ఓడించి, దేశం మొత్తం మీద ఎక్కువ ఓట్లు వచ్చిన అల్ గోర్‌ను గెలిపించేది. కాబట్టి మీ సందేహం ఆ ఎన్నికకు చక్కగా వర్తిస్తుంది.

2016లో ఫలితాన్ని తేల్చింది, రాష్ట్రంలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవారికే అక్కడి ఎలక్టోరల్ ఓట్లన్నీ కట్టబెట్టే పద్ధతి. మిషిగన్‌లో ట్రంప్ ఆధిక్యం 10,704 ఓట్లే అయినా అక్కడి 16 ఎలక్టోరల్ ఓట్లూ ఆయనకే దక్కాయి. విస్కాన్సిన్, పెన్సిల్వేనియాలను కూడా కలుపుకుంటే, సుమారు 78 వేల ఓట్ల ఆధిక్యం 46 ఎలక్టోరల్ ఓట్లు తెచ్చిపెట్టింది. కాలిఫోర్నియాలో క్లింటన్‌కు వచ్చిన 42 లక్షలకు పైగా ఆధిక్యం మాత్రం, ఒక్క ఓటు తేడాతో గెలిచినా వచ్చే 55కు మించి ఏమీ ఇవ్వలేకపోయింది. నా దృష్టిలో ఈ వ్యవస్థలోని పెద్ద అన్యాయం ఇదే.

ఈ పద్ధతిని రాజ్యాంగం విధించలేదు. ఎలక్టర్ల (ఆ ఎలక్టోరల్ ఓట్లు వేసేవారి) ఎంపిక విధానాన్ని రాష్ట్రాల శాసనసభలకే వదిలిపెట్టింది. మెయిన్, నెబ్రాస్కా రాష్ట్రాలు రెండు ఓట్లను రాష్ట్ర విజేతకు, మిగిలినవాటిని నియోజకవర్గాల వారీగా ఇస్తున్నాయి. అయితే దాన్నే దేశమంతటా అమలు చేస్తే మేలని తొందరపడి అనుకోకూడదు. 2012లో బరాక్ ఒబామా దాదాపు 50 లక్షల ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. నియోజకవర్గాల లెక్కన చూస్తే మాత్రం మిట్ రామ్నీ 274 ఎలక్టోరల్ ఓట్లతో అధ్యక్షుడయ్యేవారు. పైగా ఏ రాష్ట్రమైనా ఒంటరిగా తన ఓట్లను పంచితే అక్కడ బలంగా ఉన్న పార్టీయే నష్టపోతుంది కనుక, శాసనసభలో ఆధిక్యం ఉన్న ఆ పార్టీ మార్పునకు సిద్ధపడదు.