ఇనుము పూలు పూసిన అంగడి

ప్రశ్న: మా అబ్బాయి దగ్గరికి షికాగో వెళ్ళినప్పుడు స్టేట్, మాడిసన్ వీధులు కలిసే మూలన గుండ్రని ద్వారమున్న పాత భవనం ఒకటి చూశాను. కింది రెండు అంతస్తులనూ ఇనుప లతలు అల్లుకొని ఉన్నాయి. పైనంతా తెల్లగా, సాదాగా ఉంది. డబ్బు చాలక పైన నగిషీ మానేశారా? ఆ భవనం చరిత్ర తెలుపగలరు. – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: డబ్బుకు సంబంధించిన విషయం కాదు. ఆ తేడా వాస్తుశిల్పి లూయీ సల్లివాన్ కావాలని చేసినదే. ష్లెసింగర్ అండ్ మేయర్ అనే డిపార్ట్‌మెంట్ స్టోర్ కోసం ఆయన 1899లో మాడిసన్ వీధి వైపు తొమ్మిది అంతస్తుల భాగాన్ని, 1903–04లో మీరు చూసిన మూల భాగాన్ని పన్నెండు అంతస్తులతో కట్టించారు. చిత్రమేమిటంటే, ఇంత చేయించిన యజమానులు 1904లోనే దుకాణాన్ని హ్యారీ సెల్ఫ్‌రిడ్జ్‌కు అమ్మేశారు. ఆయన కూడా కొద్ది నెలలకే దానిని కార్సన్ పీరీ స్కాట్ సంస్థకు అప్పగించి, తరువాత లండన్‌లో 1909లో తన పేరుతోనే పెద్ద అంగడి తెరిచారు. కార్సన్ సంస్థ మాత్రం 2007 దాకా అక్కడే వ్యాపారం చేసింది.

ఇక మీ అసలు సందేహం. బరువంతా గోడలే మోసే కట్టడంలో గోడలు మందంగా, కిటికీలు చిన్నవిగా ఉండక తప్పదు. ఇక్కడ బరువు మోసేది ఉక్కు చట్రం కనుక, స్తంభానికీ స్తంభానికీ మధ్యనున్న జాగానంతా అద్దాలకే వదిలి, చట్రానికి తెల్లని టెర్రకోట (కాల్చిన మట్టి) పలకలు తొడిగారు. ప్రతి కిటికీలోనూ నడుమ కదలని వెడల్పాటి అద్దం, గాలి కోసం రెండు పక్కలా తెరుచుకునే సన్నని రెక్కలు ఉంటాయి. దీనికి ‘షికాగో కిటికీ’ అనే పేరే స్థిరపడింది. చీర అసలు రంగు చూడటానికి దుకాణం గుమ్మం దాకా వచ్చే మనకు, సరుకు అమ్మే అంతస్తుల్లోకి పగటి వెలుగు రావడం ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

కింది అంతస్తుల పని వేరు. దారిన పోయేవారి కంటికి ఆనేది అంతవరకే. అక్కడి ప్రదర్శన కిటికీల చుట్టూ, పటానికి ఫ్రేము కట్టినట్లు, పోత ఇనుముతో ఆకులూ తీగలూ అల్లించారు. ఆ అల్లికలో ఆయన సహాయకుడు జార్జ్ ఎల్మ్‌స్లీ చేతి పని చాలా ఉంది. ఇనుము పాతబడిన కంచులా కనిపించేందుకు ఎరుపు మీద ఆకుపచ్చ రంగు వేయించారు. ‘రూపం ఎప్పుడూ ప్రయోజనాన్నే అనుసరిస్తుంది’ అని 1896లో రాసిన సల్లివాన్‌ను అలంకారానికి శత్రువుగా భావించేవారు ఈ ద్వారం ముందు ఒక్కసారి నిలబడాలని నా అభిప్రాయం. చూపరులను ఆపి లోపలికి రప్పించడమే ఇక్కడ ఆ లతల ప్రయోజనం.

ఇంతటి శిల్పికి ఆ తరువాత పెద్ద పనులు దాదాపు కరువయ్యాయి. చిన్న ఊళ్ళలో బ్యాంకు భవనాలు కట్టి, 1924లో పేదరికంలో మరణించారు. భవనానికి 1975లో జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తింపు వచ్చింది. 1948 ప్రాంతంలో తొలగించిన పైచూరును 2006లో మళ్ళీ పాత తీరులోనే నిర్మించారు. ఇప్పుడు దాని పేరు సల్లివాన్ సెంటర్. 2012 నుంచి కింది భాగంలో టార్గెట్ దుకాణం నడుస్తోంది.

మళ్ళీ వెళ్ళినప్పుడు స్టేట్ వీధి మీద దక్షిణంగా నడుస్తూ పైకి చూడండి. 1906లో వాస్తుశిల్పి డేనియల్ బర్నమ్ సంస్థ ఐదు కిటికీల వెడల్పున, 1961లో మరొక సంస్థ మూడు కిటికీల వెడల్పున భవనాన్ని పొడిగించాయి. రెండూ సల్లివాన్ నమూనానే అనుసరించాయి కనుక, అతుకు ఎక్కడ పడిందో పట్టుకోవాలంటే కాస్త ఓపిక కావాలి.