టెక్ సందేహాలు: తెప్ప మీద చల్లటి డ్రాఫ్ట్ బీరు

ప్రశ్న: బీరు ఇంట్లోనే తయారుచేసుకుంటాను. మిత్రులతో రబ్బరు తెప్ప మీద రోజంతా నదిలో సాగే ట్రిప్‌కి 5 లీటర్ల మినీ కెగ్ (ట్యాప్ ఉన్న చిన్న బీరు పీపా) తీసుకెళ్లాలనుంది. బ్యాటరీ ఫ్రిజ్, కెగ్ వేడిని ఫోన్‌లో చూపించే బ్లూటూత్ సెన్సర్ కొందామనుకుంటున్నా. ఏవి మంచివి?

జవాబు: రెండూ వద్దు, కెగ్‌ని ఐస్ నింపిన పెట్టెలో పెట్టుకెళ్లండి. కంప్రెసర్ ఫ్రిజ్ బరువు, పైగా బాగా ఒరిగితే దానికి పడదు. ఇక బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీళ్లు ఇట్టే మింగేస్తాయి. ఐస్ నీళ్లలో మునిగిన సెన్సర్‌కి సిగ్నల్ అందదు, యాప్‌లో ‘డిస్‌కనెక్టెడ్’ అని చూసుకుంటూ కూర్చోవాలి. నీళ్లలో ఐస్ ముక్కలు తేలుతున్నంతసేపూ అక్కడ దాదాపు 0 డిగ్రీలే. మూత తీసి చూస్తే తెలిసిపోయేదానికి యాప్ ఎందుకు చెప్పండి?

మందపాటి గోడల ఐస్‌బాక్స్ చాలు. 5 లీటర్ల బీరును 30 డిగ్రీల నుంచి 4కి దించడానికే ఒకటిన్నర కిలోకి పైగా ఐస్ కరిగిపోతుంది. కాబట్టి కెగ్‌ని ముందు రోజే ఫ్రిజ్‌లో పెట్టేయండి. కరిగిన నీళ్లు పారబోయొద్దు, కెగ్ చుట్టూ అంటుకుని చల్లబరిచేవి అవే. ఉప్పు మాత్రం కలపకండి, ఐస్ నీళ్లు సున్నా కంటే బాగా కిందికి పోతాయి. మామూలు బీరు మైనస్ 2 కంటే కిందికి దిగితే గడ్డకట్టడం మొదలవుతుంది.

డబ్బు పెట్టాల్సింది, బీరును బయటికి నెట్టే గ్యాస్ ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటర్ మీద. 16 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ నింపిన చిన్న సీసా లాంటి కార్ట్రిడ్జ్‌లో మామూలు వేడికే 800 పీఎస్‌ఐకి పైగా ఒత్తిడి ఉంటుంది, గ్లాసులోకి పోయడానికి 5 చాలు. అందుకే నాబ్ పూర్తిగా మూసి ఉందని చూసుకున్నాకే కార్ట్రిడ్జ్ బిగించండి. బుస్‌మని ఒక్క క్షణం వినిపిస్తే సరే. ఆగకుండా వస్తుంటే వాషర్ సరిగ్గా కూర్చోలేదన్నమాట. బయల్దేరే ముందే జాయింట్ల మీద సబ్బు నీళ్లు రాసి, బుడగలు వస్తాయేమో చూడండి. గ్యాస్ ముందే పట్టించిన 5 లీటర్లకి తక్కువ ఒత్తిడిలో ఒక కార్ట్రిడ్జ్ సరిపోతుంది. చిన్న లీకున్నా మధ్యాహ్నానికల్లా ఖాళీ, కాబట్టి ఇంకోటి స్పేర్‌గా ఉంచుకోండి. కార్ట్రిడ్జ్‌లని ఎండలో మాత్రం వదిలేయకండి.

అసలు టెన్షన్ నురగతోనే. 4 డిగ్రీల దగ్గర తనలో కలిసిన గ్యాస్ వల్ల 11, 12 పీఎస్‌ఐతో బుద్ధిగా ఉండే బీరే, 20 డిగ్రీలకి చేరితే దాదాపు 30 పీఎస్‌ఐతో తన్నుకొస్తుంది. ట్యాప్ పైపు ఎండలో ఉంటే మొదటి గ్లాసంతా నురగే, దాన్నీ ఐస్‌లోనే చుట్టి పెట్టండి. అడుగున ఈస్ట్ మడ్డి ఉంటే కుదుపులకి పైకి లేస్తుంది, తేరిన బీరునే కెగ్‌లోకి దింపుకోండి. తెప్ప బాగా ఎగిరిపడ్డాక కాసేపు ఆగి ట్యాప్ తిప్పండి. తెడ్డు వేసేవాళ్లకి మాత్రం ఒడ్డెక్కాకే గ్లాసు. ఆ నదిలో మద్యానికి అనుమతి ఉందో లేదో కూడా ముందే కనుక్కోండి.

ప్రశ్న: నా ఫోన్‌కి నీళ్లు, దుమ్ము తట్టుకునే ఐపీ68 రేటింగ్ ఉంది. పౌచ్ లేకుండా తెప్ప మీదకి తీసుకెళ్లొచ్చా?

జవాబు: వద్దు. ఆ రేటింగ్ కదలని మంచినీళ్లలో, కొత్త ఫోన్‌కి చేసిన పరీక్షది. ప్రవాహం కొట్టే దెబ్బ వేరు, పాతబడ్డ సీల్ వేరు. నీళ్లలో తేలే పౌచ్ కొని, ముందుగా లోపల టిష్యూ పేపర్ పెట్టి బకెట్‌లో ముంచి చూడండి. పేపర్ పొడిగా ఉంటేనే ఫోన్ పెట్టండి.