పట్టేసిన షాఫ్టు, మావయ్య జీపు చిట్కా

ప్రశ్న: సార్ నమస్తే. మేం మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్కన కాంటన్‌లో ఉంటాం. నాది పాత సుబారు అవుట్‌బ్యాక్, లక్షన్నర మైళ్ళు దాటింది. వెనక కుడి చక్రం బేరింగ్ విమానం లేస్తున్నట్టు మోత పెడుతోంది, షాపులో అడిగితే లేబర్‌కే చాలా చెప్పారు, సరే నేనే మార్చేద్దామని గరాజ్‌లో మొదలుపెట్టా. 32 సైజు నట్టు ఊడింది గానీ చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్టు, హబ్బులోంచి (చక్రం బిగించే మధ్య భాగం) వెంట్రుకవాసి కూడా కదల్లేదు. రెండు రోజులు సుత్తితో బాదా. రాజమండ్రిలో మా మావయ్యకి వీడియో కాల్ చేసి చూపిస్తే "నట్టు రెండు చుట్లు లూజు చేసి, చక్రం బిగించి, వీధిలో ఎనిమిది అంకె వేసినట్టు తిప్పరా, అదే ఊడొస్తుంది, మా జీపుకి అలాగే చేసేవాళ్ళం" అన్నారు. చెయ్యొచ్చా?

జవాబు: వద్దండీ. ఆ చక్రం బిగించి బండి కదిపే ఆలోచన ముందు మానుకోండి, మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

అలాగని మీ మావయ్యగారు తప్పు చెప్పలేదు, ఆయన బండికి అది కరెక్టే. మహీంద్రా వాళ్ళు మన దగ్గర చేసిన పాత సీజే-3బీ జీపుల్లో వెనక యాక్సిల్ షాఫ్టు చివర సన్నగా కోసుగా ఉంటుంది, దాని మీద హబ్బు సీసా మెడలో బిరడాలాగా బిగుసుకుని కూర్చుంటుంది, మధ్యలో జారకుండా ఒక కీ అనే ఇనప ముక్క, పైన నట్టు, అది వదులవకుండా రంధ్రంలో దూర్చి వంచే స్ప్లిట్ పిన్ను. అక్కడ బేరింగ్ వేరే, యాక్సిల్ గొట్టం చివర దాని చోట అది ఉంటుంది, ఈ నట్టు పట్టుకునేది హబ్బుని మాత్రమే. అందుకే నట్టు కొంచెం వదిలి అటూ ఇటూ తిప్పితే పక్కబలానికి ఆ పట్టు వదులుతుంది, బేరింగ్‌కి ఏం కాదు. అదీ మెల్లగా, ఖాళీ స్థలంలోనే.

నేను బెజవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకునేటప్పుడు మా మేస్త్రీ పుల్లర్ (హబ్బుని లాగి ఊడదీసే పనిముట్టు) బిగించి దాని నెత్తిన ఒక్క సమ్మెట దెబ్బ వేసేవాడు, తుపాకీ పేలినట్టు ఠప్పుమని వచ్చేది హబ్బు. నట్టు పూర్తిగా తియ్యొద్దురా, నాలుగు మరలు ఉంచండి అని రోజూ మొత్తుకునేవాడు. ఒకరోజు ఒక కుర్రాడు మొత్తం తీసేశాడు, డ్రమ్ముతో సహా ఎగిరొచ్చి ఎదురుగా ఉన్న డీజిల్ డబ్బాకి ఇంత సొట్ట పెట్టింది. అప్పట్నుంచి ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు.

ఇప్పుడు మీ బండి సంగతి. మీదాంట్లో కోసు లేదు, షాఫ్టు చివర నిలువుగా పళ్ళుంటాయి, స్ప్లైన్లు, అవి హబ్బు లోపలి పళ్ళలో దూరతాయి. కొత్తలో కాస్త తడితే జారిపోవాలి. ఇక్కడ పట్టింది తుప్పు. మీ ఊళ్ళో చలికాలమంతా రోడ్డు మీద ఉప్పే కదా, డెట్రాయిట్ నగరం కిందే దాదాపు 1200 అడుగుల లోతులో ఉప్పు గని ఉంది, ఇక కొదవేముంది. ఆ ఉప్పునీళ్ళు పళ్ళ సందుల్లో చేరితే తుప్పు ఉబ్బి రెండిటినీ కలిపి అతికేస్తుంది. పైగా మీ బండిలో ఆ పెద్ద నట్టే బేరింగ్ రెండు భాగాల్నీ కలిపి నొక్కి ఉంచుతుంది. నట్టు వదులుగా ఉండగా బండి బరువు చక్రం మీద పడిందా, బేరింగ్ పోయినట్టే. మీరెలాగూ మారుస్తున్నారు అనుకోండి, కానీ వీధి మధ్యలో అది విడిపోతే మీ పరిస్థితేంటి. అందుకే నట్టు వదిలించేటప్పుడు కూడా బండి స్టాండ్ల మీదే ఉండాలి, ఇంట్లో ఎవర్నైనా బ్రేక్ తొక్కి పట్టుకోమనండి.

సుత్తి ఎందుకు వద్దంటున్నానంటే షాఫ్టు చివర పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, అప్పుడు తుప్పు వదిలినా ఆ విచ్చుకున్న తల హబ్బులోంచి దూరదు. ఆ దెబ్బ లోపల సీవీ జాయింటు (షాఫ్టు వంగుతూనే తిరగనిచ్చే కీలు) గుళ్ళకీ తగుల్తుంది. ఈ రెండ్రోజుల్లో అంత దూరం వెళ్ళలేదనే అనుకుందాం.

తుప్పు సందుల్లోకి ఇంకే పెనిట్రేటింగ్ ఆయిల్ ముందు వైపు కొట్టి ఊరుకుంటారు అందరూ, వెనకవైపు జాయింటు భుజం బేరింగ్‌కి ఆనే చోట కూడా కొట్టాలి. రాత్రంతా వదిలెయ్యండి, పొద్దున మళ్ళీ కొట్టండి. తర్వాత నట్టుని షాఫ్టు చివరతో సమానంగా వచ్చేదాకా తిరిగి ఎక్కించండి, మరలకి అదే రక్షణ. చక్రం బోల్టులకి తగిలించే స్క్రూ పుల్లర్ ఆటో పార్ట్స్ షాపుల్లో అద్దెకి ఇస్తారు, డిపాజిట్ కడితే చాలు. దాని మరకి గ్రీజు రాసి గట్టిగా బిగించి, ఇక తిరగట్లేదు అనుకున్నాక ఆపేసి, పుల్లర్ స్క్రూ తల మీద చిన్న సుత్తితో టకటకా తట్టండి. తట్టడమే, బాదడం కాదు, తుప్పుని పగలగొట్టేది బలం కాదు అదురు. ఎయిర్ హ్యామర్ ఉంటే మొద్దు బిట్ వేసి పది సెకన్లు ఆడిస్తే ఇంకా మంచిది. రాకపోతే ఆ బిగువు మీదే వదిలేసి భోంచేసి రండి, నిజంగానే చాలాసార్లు మనం లేనప్పుడు ఠప్పుమంటుంది. కళ్ళకి రక్షణ అద్దాలు పెట్టుకోండి, పుల్లర్‌కి ఎదురుగా మాత్రం కూర్చోకండి.

మంట పెట్టాలంటే బేరింగ్ ఎలాగూ మారుస్తున్నారు కాబట్టి పెట్టొచ్చు, కానీ హబ్బుకే పెట్టాలి, షాఫ్టుకి పెడితే అది లావెక్కి ఇంకా బిగుస్తుంది. చక్రం దగ్గరుండే ఏబీఎస్ (బ్రేక్) సెన్సారు ముందే తీసెయ్యండి, సీవీ రబ్బరు బూటు జాగ్రత్త. ఆయిల్ కొట్టి తడిగా ఉన్న దాని మీద మంట పెట్టకండి బాబూ, గరాజ్ ఇంటికి అతికి ఉంటుంది మీ ఊళ్ళల్లో.

దానికీ లొంగకపోతే లింకులు విప్పి, షాఫ్టు లోపలి చివర డిఫరెన్షియల్ (వెనక గేరు పెట్టె) దగ్గర వదిలించి, నకిల్ (బేరింగ్ కూర్చునే ఇనప దిమ్మ), హబ్బు, షాఫ్టు మూడూ కలిపి బయటికి తీసి ప్రెస్సు ఉన్న షాపుకి పట్టుకెళ్ళండి. ఆ లింకుల పొడుగు బోల్టులు కూడా తుప్పుపట్టి పీడిస్తాయి, కాబట్టి ఇది ఆఖరి మాటే.

మళ్ళీ కట్టేటప్పుడు స్ప్లైన్లు వైర్ బ్రష్‌తో తోమి మళ్ళీ పట్టెయ్యకుండా యాంటీసీజ్ పేస్టు పలచగా రాయండి, నట్టు మరలకి అంటనివ్వొద్దు, టార్క్ (బిగింపు బలం) తప్పుతుంది. నట్టు కొత్తదే వాడండి, టార్క్ ఎంతో మీ ఇయర్ మాన్యువల్‌లో చూసి బిగించి, అంచుని గాడిలోకి ఉలితో నొక్కండి. జీపులో దీనికి పూర్తిగా ఉల్టా, ఆ కోసుకి చుక్క గ్రీజు తగలకూడదు, పొడిగా తుడిచి కనీసం 150 ఫుట్ పౌండ్లు బిగించాలి, పిన్ను రంధ్రం కుదరకపోతే ఇంకాస్త బిగించాలే తప్ప వెనక్కి తిప్పకూడదు. మీ మావయ్యగార్ని అడిగి చూడండి, ఇదే చెప్తారు.

ఇవాళే ఒక పని చెయ్యండి, ఆ పాత నట్టు వేళ్ళతో మర మీదకి ఎక్కుతుందో లేదో చూడండి. ఎక్కితే ఈ షాఫ్టే వాడొచ్చు. మొదటి మర దగ్గరే ఆగిపోతే త్రెడ్ ఫైల్‌తో సరి చేసుకోవచ్చు, చివర విచ్చుకుపోయి ఉంటే మాత్రం బేరింగ్‌తో పాటు షాఫ్టు కూడా ఆర్డర్ పెట్టేయండి.