మా యూనిట్ చూడటానికి టూరిస్టులు వస్తారా?

ప్రశ్న: మాది చిన్న ఆహార తయారీ యూనిట్. మా నాన్నగారి కాలం నుంచీ నడుస్తోంది. సరుకంతా హోల్‌సేల్‌గా దుకాణాలకే వెళ్తుంది. మా అమ్మాయి టూరిజం డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఒక పెద్ద హోటల్లో ఉద్యోగం వచ్చేలా ఉంది. తనేమో "మన యూనిట్‌కే టూరిస్టులను రప్పిస్తాను, అదే నా కెరీర్" అంటోంది. తిండి కోసం ప్రయాణాలు చేసేవాళ్లు నిజంగా ఉంటారా? ఉన్నా మా లాంటి చిన్నవాళ్ల దగ్గరికి ఎందుకొస్తారు? సరే అనాలో వద్దనాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఉంటారండీ, చాలామందే ఉంటారు. ఇదేమీ నిన్న మొన్న పుట్టిన ఫ్యాషన్ కాదు. టైర్లు తయారుచేసే మిషెలిన్ కంపెనీ 1900లోనే కార్లున్నవాళ్ల కోసం ఒక గైడు వేసింది. జనం ఎంత తిరిగితే అన్ని టైర్లు అరుగుతాయి కదా! ఆ గైడే తర్వాత రెస్టారెంట్లకు నక్షత్రాలు ఇవ్వడం మొదలుపెట్టింది. రెండు నక్షత్రాలంటే దారి మళ్లి వెళ్లి తినదగ్గ చోటు అని, మూడంటే దానికోసమే ప్రయాణం పెట్టుకోవచ్చు అని. జర్మనీలో ఒక ప్రాంతంలోని ద్రాక్షతోటల ఊళ్లను కలుపుతూ 1935లోనే వైన్ రూట్ పెట్టారు. 2005లో యునెస్కో కొలంబియాలోని పొపయాన్‌ను తన సృజనాత్మక నగరాల జాబితాలో ఆహార నగరంగా చేర్చింది. ఆ గుర్తింపు పొందిన మొదటి ఊరు అదే. కాబట్టి మీ అమ్మాయి గాలిలో మేడలు కడుతోందని అనుకోకండి.

మీ రెండో ప్రశ్నే అసలైనది. మీ సరుకు దుకాణాల్లో దొరుకుతుంది. దుకాణంలో దొరికేదాని కోసం ఎవరూ బస్సెక్కి మీ గుమ్మం దాకా రారు. అక్కడ దొరకనిదేదో మీ దగ్గర ఉండాలి. చిన్న తయారీదారులు చాలామంది ఇక్కడే పొరబడతారు. "మా రుచి ఇంకెక్కడా రాదు" అని బోర్డు పెట్టి ఎదురుచూస్తారు. ఆ మాట ప్రతి ఊళ్లోనూ, ప్రతి దుకాణం మీదా ఉంటుంది. తిండి కోసం ప్రయాణం చేసేవాడికి రుచితోపాటు ఇంకో మూడు కావాలి. తయారవుతున్నప్పుడు చూడాలి, తయారుచేసే మనిషితో మాట్లాడాలి, తాను ఇంతవరకూ గమనించని తేడా ఒకటి తన నాలుకకు తెలియాలి. నా లెక్కలో ఈ మూడోదే అన్నిటికంటే విలువైనది. దాన్ని పట్టించుకునేవాళ్లే తక్కువ.

ఇటలీలో పార్మా ప్రాంతం సంగతి చూడండి. అక్కడి పార్మిజాన్ చీజ్ ప్రపంచమంతా దొరుకుతుంది. అయినా జనం అక్కడికి వెళ్తారు, అదీ పొద్దున్నే. ఆ రోజు పాలు రాగి డేగిసాల్లో చీజ్‌గా మారేది ఉదయం పూటే. మధ్యాహ్నం వెళ్తే కడిగిన గిన్నెలు తప్ప చూడటానికి ఏమీ ఉండదు. తర్వాత గోదాములోకి తీసుకెళ్తారు. అక్కడ బండిచక్రాల్లాంటి చీజ్ దిమ్మలు అరల మీద కనీసం 12 నెలలు మాగుతాయి. చివరికి ఒక ఏడాది మాగినది, రెండేళ్లు మాగినది, అంతకంటే పాతది పక్కపక్కన పెట్టి తినిపిస్తారు. ఆ చీజ్ ఎన్నోసార్లు తిన్నవాడు కూడా అక్కడ, తయారుచేసిన మనిషి ఎదుట, వయసుతో రుచి ఎలా మారుతుందో మొదటిసారి గమనిస్తాడు. ఇంటికెళ్లాక పదిమందికి చెప్పేది ఆ సంగతే.

కాబట్టి మీ అమ్మాయి ముందు తేల్చాల్సింది పోస్టర్లూ, వీడియోలూ కాదు. మీ తయారీలో బయటివాడు చూసి ఆశ్చర్యపోయే ఘట్టం ఏది, అది రోజులో ఏ వేళకు వస్తుంది, ఏ నెలల్లో వస్తుంది? అలాగే పక్కపక్కన పెట్టి రుచి చూపించగలిగే రెండు మూడు రకాలు ఏవి? పాత బ్యాచ్, కొత్త బ్యాచ్ కావచ్చు. రెండు చోట్ల నుంచి వచ్చిన ముడిసరుకు కావచ్చు. లేదంటే సగం తయారైనది, పూర్తిగా తయారైనది. మీరు రోజూ చూస్తుంటారు గనక ఇందులో ఏముంది అనిపిస్తుంది. తను చదువు కోసం కొన్నేళ్లు బయట ఉండి ఉంటే బయటివాడి చూపు మీకంటే తనకే ఎక్కువ.

ఇక చిక్కులు. తయారీ చోటికి బయటివాళ్లు వస్తే శుభ్రత, భద్రత, పనివాళ్ల ఏకాగ్రత, మూడూ దెబ్బతినే ప్రమాదం ఉంది. టోక్యోలోని త్సుకిజి చేపల మార్కెట్లో తెల్లవారుజామున జరిగే ట్యూనా వేలం చూడటానికి టూరిస్టులు ఎగబడేవారు. వ్యాపారులకు ఇబ్బంది కావడంతో చివరికి రోజుకు 120 మందినే అనుమతించారు. 2018లో మార్కెట్ టొయొసుకు మారాక సందర్శకులకు విడిగా గ్యాలరీలు కట్టి వేలం అక్కడి నుంచి చూడమన్నారు. మీ దగ్గరికి అంతమంది రారు లెండి. కానీ పది మంది వచ్చినా ఎక్కడ నిలబడతారు, ఏది ముట్టుకోకూడదు, వేడి పొయ్యిలకు ఎంత దూరంలో ఉండాలి, చెప్పులు, తలకు టోపీ, చేతులు కడుక్కునే చోటు, టాయిలెట్, ఇవన్నీ మొదటి అతిథి రాకముందే తేలాలి. ఆహార భద్రతలో హెచ్‌ఏసీసీపీ అనే పద్ధతి ఉంది. తయారీలో ఎక్కడ ప్రమాదం పుట్టగలదో ముందే గుర్తించి అక్కడ నిఘా పెట్టడం దాని సారం. మీ అమ్మాయి ఆ కోర్సు చేస్తే టూరిజం డిగ్రీకి అది మంచి జోడీ అవుతుంది. సందర్శకులను అనుమతించడానికి మీ లైసెన్సు, ఇన్సూరెన్సు సరిపోతాయో లేదో కూడా మీరే కనుక్కోండి. ఈ పని పిల్లల మీద వదిలేయకండి.

అలర్జీల సంగతి విడిగా చెప్పాలి. యూరప్ దేశాల్లో 14 రకాల అలర్జీ పదార్థాల గురించి తినేవాళ్లకు తప్పనిసరిగా చెప్పాలన్న చట్టం ఉంది. అక్కడి నుంచి వచ్చినవాడు "ఇందులో నువ్వులున్నాయా, పాలున్నాయా" అని అడుగుతాడు. "ఏమీ కాదు తినండి" అనడం మన మర్యాద కావచ్చు, అతనికి మాత్రం ప్రాణం మీదికి రావచ్చు. ఏ రకంలో ఏమేమి ఉన్నాయో రాసి గోడకు పెట్టండి.

డబ్బు దగ్గరికి వద్దాం. ఊరికే చూపిస్తే పోయేదేముంది, వచ్చినవాళ్లు ఏదో ఒకటి కొంటారులే అని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. ఉచితమైతే బుక్ చేసినవాళ్లలో కొందరు రానే రారు, వచ్చినవాళ్లు కూడా మీ మనిషి సమయానికి విలువ ఇవ్వరు. రుచి చూపించే సరుకు ఖర్చు, మాట్లాడే మనిషి గంటకూలి, ఆ గంటలో తగ్గే ఉత్పత్తి, మూడూ కలపండి. పది మంది పట్టే చోట నలుగురే వస్తారనుకుని ఆ మొత్తాన్ని నలుగురికి పంచండి. టికెట్టు అంతకంటే తక్కువ ఉండకూడదు. ఆ ధరకు ఎవరూ రారనిపిస్తే మీరు చూపించేదాన్ని మెరుగుపరచాలి గానీ ధర తగ్గించకూడదు. వెళ్లేటప్పుడు కొనుక్కునేవి చిన్న ప్యాకింగ్‌లో, ప్రయాణంలో పాడవకుండా, కారకుండా ఉండాలి. విమానంలో వెళ్లేవాళ్లు పెద్ద సీసా కొనరు.

అన్నీ కుదిరినా ఒక అడ్డంకి మిగులుతుంది. మీ యూనిట్ చూడటానికి గంట చాలు. గంట కోసం ఎవరూ ఒక రోజు పెట్టుకుని రారు. చిన్నవాళ్లు ఒంటరిగా గెలవలేకపోవడానికి కారణం ఇదే. పరిష్కారం కూడా ఇందులోనే ఉంది. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో బర్బన్ విస్కీ తయారుచేసే కంపెనీలు మార్కెట్లో ఒకదానికొకటి పోటీ. అయినా వాటి సంఘం 1999లో అందరినీ కలిపి బర్బన్ ట్రెయిల్ అని ఒక దారి గీసింది. సందర్శకులకు పాస్‌పోర్ట్ లాంటి పుస్తకం ఇచ్చి, ఒక్కో డిస్టిలరీలో ఒక్కో ముద్ర వేసి, అన్నీ పూర్తిచేసినవాళ్లకు టీషర్టు ఇచ్చారు. టీషర్టు ఖరీదెంతనుకున్నారు? కానీ ఒకచోటికి వచ్చినవాడికి మిగతావీ చూడకుండా ఇంటికి పోబుద్ధి కాదు. రెండు మూడు రోజులు తిరిగేవాడు రాత్రి అక్కడే పడుకుంటాడు, అక్కడే భోంచేస్తాడు. అప్పుడు ఆ లాభంలో లాడ్జికీ, కారు అద్దెకిచ్చేవాడికీ వాటా ఉంటుంది గనక వాళ్లే మీ గురించి చెబుతారు.

అందుకే మీ అమ్మాయి చేతికి ముందుగా మైకు కాదు, ఒక నోటుబుక్కు ఇవ్వండి. మీ నుంచి గంట ప్రయాణం లోపల ముడిసరుకు పండించేవాళ్లు, పానీయాలు తయారుచేసేవాళ్లు, మంచి భోజనం పెట్టేవాళ్లు, పాత మార్కెట్లు ఏమున్నాయో రాసుకోమనండి. పొద్దున ఒక చోట, మధ్యాహ్నం భోజనం ఇంకో చోట, సాయంత్రం మీ దగ్గర, ఇలా ఒక రోజు నిండితే చాలు. పోటీదారుల గుమ్మం మాత్రం మీరే తొక్కాలి. ఏళ్ల తరబడి మాటలు లేని ఇద్దరు పెద్దల మధ్య కొత్తగా చదువు ముగించిన పిల్ల రాయబారం నడపలేదు.

ప్రచారం గురించి ఎక్కువ రాయను. మ్యాప్‌లో మీ చోటు సరిగ్గా కనిపించాలి, తెరిచే వేళలు నిజమైనవి ఉండాలి, ఫోన్ చేస్తే ఎవరో ఒకరు ఎత్తాలి, ముందే బుక్ చేసుకునే వీలుండాలి. ఫొటోల్లో ప్లేటు కంటే పని చేస్తున్న చేతులు కనిపించాలి. లక్షల ఫాలోయర్లున్నవాళ్లను ఉచితంగా పిలిచి తినిపించడం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. వాళ్ల వెనక వచ్చే గుంపు ఒక వారం వస్తుంది, ఫొటో తీసుకుంటుంది, పోతుంది. చుట్టుపక్కల లాడ్జిల రిసెప్షన్ వాళ్లను, ట్యాక్సీ డ్రైవర్లను, గైడ్లను ఒకసారి పిలిచి మీ టూర్ మొత్తం చూపించండి. "ఇక్కడ చూడాల్సిందేముంది?" అని టూరిస్టు అడిగేది వాళ్లనే.

కెరీర్‌గా దీనికి భవిష్యత్తు ఉందా అంటే, ఉంది. ఒక తయారీ చోటును సందర్శకులు చూడదగ్గదిగా మార్చడం తెలిసినవాళ్లు డిస్టిలరీలకు, వైనరీలకు, టూర్ కంపెనీలకు, పర్యాటక శాఖలకు, ఆహార ఉత్సవాలు నడిపేవాళ్లకు కావాలి. డబ్లిన్‌లో గిన్నిస్ కంపెనీ తన పాత భవనాన్ని 2000లో సందర్శకుల కేంద్రంగా తెరిచాక, బీరు అమ్మే కంపెనీకి అక్కడి టికెట్ల మీద కూడా ఆదాయం వస్తోంది. పైచదువులూ ఉన్నాయి. ఇటలీలో పొల్లెంజోలో, స్థానిక సంప్రదాయ ఆహారాన్ని కాపాడాలనే స్లో ఫుడ్ ఉద్యమం 2004లో పెట్టిన ఆహార శాస్త్రాల విశ్వవిద్యాలయం, స్పెయిన్‌లో సాన్ సెబాస్టియన్‌లోని బాస్క్ కలినరీ సెంటర్ పేరున్నవి. పానీయాల వైపు వెళ్లాలంటే వైన్, ఇతర మద్యాల గురించి నేర్పే లండన్‌లోని డబ్ల్యూఎస్‌ఈటీ సంస్థ సర్టిఫికెట్లను పరిశ్రమలో గుర్తిస్తారు. అయితే వీటికి డబ్బు బాగా అవుతుంది. చేతిలో నడిచిన టూర్ ఒకటి ఉన్నాక దరఖాస్తు చేస్తే అర్థం ఉంది. అదీ లేకుండా అప్పు చేసి పంపకండి. అంతకంటే ముందు నేర్చుకోవాల్సినవి ఒక విదేశీ భాష, లెక్కలు రాయడం, పదిమంది ముందు అరగంట విసుగు పుట్టకుండా మాట్లాడటం.

ఇప్పుడు మీ నిర్ణయం సంగతి. హోటల్ ఉద్యోగానికీ దీనికీ పోటీ పెట్టకండి. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు ఎలాగూ చేయాలి కదా, మీ యూనిట్‌నే ప్రాజెక్టుగా తీసుకోమనండి. కాలేజీ ఒప్పుకోవచ్చు, మార్కులూ వస్తాయి. ముందు తెలిసినవాళ్లకు, తర్వాత డబ్బులిచ్చి వచ్చే కొత్తవాళ్లకు, వారానికి ఒక్క బ్యాచ్ చొప్పున ఒక సీజన్ నడపనివ్వండి. ఎంత ఖర్చయింది, ఎంతమంది మళ్లీ ఇంకొకరిని పంపారు, మీ ఉత్పత్తి ఎంత తగ్గింది, అన్నీ రాసి పెట్టమనండి. సీజన్ చివర టూర్ తన ఖర్చు తాను తెచ్చుకుంటే ముందుకు వెళ్లనివ్వండి. లేకపోతే హోటల్లో చేరి అతిథులతో వ్యవహారం ఒకటి రెండేళ్లు నేర్చుకుని రావచ్చు. ఆ అనుభవం ఎటూ వృథా కాదు. చేరితే మాత్రం అతిథులతో నేరుగా మాట్లాడే విభాగంలోనే చేరమనండి.

ఒక మాట మీ గురించి కూడా అడగాలి. వచ్చినవాళ్లు ఎక్కువగా మాట్లాడాలనుకునేది మీతోనే. తరతరాలుగా చేస్తున్న మనిషి ఎదురుగా ఉంటే గైడు మాట ఎవరికీ పట్టదు. అదే ప్రశ్న వారం వారం కొత్తవాళ్లు అడిగితే ఓపిగ్గా చెప్పగలరా? కొత్తవాళ్లు పని మధ్యలో తిరగడం మీకు చిరాకైతే అది తప్పేమీ కాదు, కానీ ఆ సంగతి తను ప్రాజెక్టు మొదలుపెట్టకముందే చెప్పేయండి. అప్పుడు మీ పనివాళ్లలో మాట్లాడే నేర్పున్న మరొకరిని వెతుక్కుని, వాళ్లకు ఆ గంటకు విడిగా కూలి కట్టి మొదలుపెట్టవచ్చు.