బొమ్మల డబ్బుతో టూర్‌కు వెళ్లొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. నేను ఒక ఆసుపత్రిలో నర్సును, మా వారు ప్రైవేటు కంపెనీలో అకౌంటెంట్. ఇద్దరికీ కలిపి నెలకు 68,000 వస్తుంది. అందులో ఇంటి లోన్ ఈఎంఐకే 19,000 పోతుంది. పాపకు 11 ఏళ్లు, బాబుకు 6. ఏటా క్రిస్మస్‌కు బొమ్మలు కొంటాం. పోయిన ఏడాది 14,000 అయింది. బాబు డ్రోన్ మూడో రోజే మేడ మీద నుంచి పడి విరిగింది, మిగతావి మంచం కింద అట్టపెట్టెల్లో ఉన్నాయి. ఈసారి బొమ్మలు మానేసి నలుగురం ఎక్కడికైనా వెళ్దామనుకుంటున్నాం. మా వారు ఊటీ ప్యాకేజీ ఒకటి చూశారు. 55,000 అంటున్నారు, ఈఎంఐలో కట్టొచ్చట. ఇది మంచి నిర్ణయమేనా? బొమ్మలు లేవంటే పిల్లలు చిన్నబుచ్చుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ ఆలోచన నాకు చాలా నచ్చింది. ఊటీ లెక్క మాత్రం నచ్చలేదు. 14,000 ఖర్చు ఎక్కువైందని మొదలుపెట్టి 55,000 దగ్గర తేలారు. కలిసి గడపడం మంచిదే కదా అని దానికి ఎంతైనా పెట్టొచ్చని మనకు అనిపిస్తుంది. బొమ్మ దగ్గర బేరమాడే చేయి టూర్ దగ్గర ఆడదు. నా దగ్గరికి సలహాకు వచ్చే కుటుంబాల్లో ఇది తరచూ చూస్తాను.

ఆ 55,000ను ఏడాది పాటు 16 శాతం వడ్డీకి తీసుకున్నారనుకోండి. నెలకు దాదాపు 5,000 కట్టాలి. మొత్తం కట్టేది 60,000 వరకు వస్తుంది. వచ్చే ఏడాది ఇంటి ముందు నక్షత్రం కట్టే రోజుకి కూడా మీరింకా ఈ ఊటీ బాకీయే తీరుస్తుంటారు. అప్పుడు ఆ క్రిస్మస్‌కు డబ్బు ఎక్కడిది? ‘నో కాస్ట్ ఈఎంఐ’, అంటే వడ్డీ లేని వాయిదాలు అన్నా పూర్తిగా ఊరికే రాదు. చాలాసార్లు ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద జీఎస్టీ మన జేబులోంచే పోతాయి. క్రెడిట్ కార్డు బిల్లులో కొంత కట్టి కొంత వాయిదా వేస్తే ఇంకా ప్రమాదం. నెలకు మూడు, మూడున్నర శాతం దాకా వడ్డీ పడుతుంది. పండగ ఖర్చుకు అప్పు చేయకండి, అది బొమ్మకైనా సరే, ప్రయాణానికైనా సరే.

ఇప్పుడు పిల్లల సంగతి. బొమ్మలు పూర్తిగా మానేయకండి. 2020లో వచ్చిన ఒక పరిశోధనలో తేలిందేమిటంటే, 3 నుంచి 12 ఏళ్ల పిల్లలకు వస్తువులే ఎక్కువ సంతోషాన్నిచ్చాయి. టీనేజీకి వచ్చాకే కలిసి చేసిన పనులు, వెళ్లిన ఊళ్లు ముందుకొస్తాయి. మీ పాప ఆ వయసుకు దగ్గర పడింది, బాబు ఇంకా బొమ్మల వయసులోనే ఉన్నాడు. 25వ తేదీ పొద్దున విప్పడానికి వాడి చేతికి ఒక్క పొట్లమైనా ఉండాలి. అయితే ఒక్కటి చాలు. అమెరికాలోని టోలెడో విశ్వవిద్యాలయంలో బుడిబుడి అడుగుల పిల్లల ముందు ఒకసారి నాలుగు బొమ్మలు, ఇంకోసారి పదహారు బొమ్మలు పెట్టి చూశారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడుకున్నారు. మీ మంచం కింద పెట్టెలు చెబుతున్నదీ అదే.

కాబట్టి ఈ ఏడాది కూడా మీ బడ్జెట్ 14,000 దాటొద్దు. ఒక్కొక్కరికి 1,500లో ఒక బొమ్మ. ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి, 2021 నుంచి మన దేశంలో ఫ్యాక్టరీ బొమ్మలకు అది తప్పనిసరి. 2,500 పెట్టి ఒక రోజు నలుగురూ కొండపల్లి వెళ్లండి. మిగిలిన 8,500 ముట్టుకోవద్దు, దాని సంగతి తర్వాత చెబుతాను.

కొండపల్లే ఎందుకంటే, బొమ్మ ఎలా పుడుతుందో మీ పిల్లలు ఇంతవరకు చూసి ఉండకపోవచ్చు. గుంటూరు నుంచి విజయవాడ మీదుగా పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. అక్కడ బొమ్మల కాలనీలో ఇళ్ల దగ్గరే పని చేస్తుంటారు. తెల్ల పొణికి కర్రను వేడి చేసి తేమ తీస్తారు. చేతులూ కాళ్లూ తలా విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ పైన సున్నం పూసి రంగులు వేస్తారు. ఏనుగు అంబారీ, ఎడ్లబండి, తాటిచెట్టెక్కే మనిషి ఇలా తయారవుతుంటే చూసి, వాళ్ల చేతుల మీదుగానే ఒకటి కొనుక్కున్న పిల్లవాడు దాన్ని మంచం కిందకు తోయడు. మా అబ్బాయి ఎనిమిదేళ్లప్పుడు తెచ్చుకున్న ఎడ్లబండికి ఒక చక్రం ఊడిపోయింది. అయినా ఇప్పుడు హాస్టల్లో వాడి టేబుల్ మీదే ఉంది. ఓపిక ఉంటే కొండ మీది ఖిల్లా కూడా ఎక్కండి.

ఇంకో మాట. డబ్బు అవసరం లేని పనులు మీ ఇంట్లోనే బోలెడు ఉన్నాయి. చర్చి వాళ్లతో క్యారల్స్‌కు వెళ్లేటప్పుడు పిల్లలను ఇంట్లో ఉంచకుండా వెంట తీసుకెళ్లండి. అరిసెలు వత్తే రోజు బాబుకు నువ్వులు అద్దే పని అప్పగించండి. మీకు షిఫ్టు డ్యూటీలు కదా, పిల్లలకు నిజంగా కరువైంది మీ సెలవు రోజే కావచ్చు. డిసెంబరులో రెండు రోజుల సెలవు ఇప్పుడే అడిగి పెట్టుకోండి. ఆర్థిక సలహాదారుగా ఇది నేను చెప్పాల్సిన మాట కాదేమో, కానీ ఈ జవాబులో అన్నిటికంటే విలువైనది ఇదేనని నా నమ్మకం.

ఇక వచ్చే ఏడాది. జనవరిలో నెలకు 1,500 చొప్పున తొమ్మిది నెలల రికరింగ్ డిపాజిట్ (ఆర్డీ) మొదలుపెట్టండి. 6 శాతం వడ్డీ వేసుకున్నా అక్టోబరుకు 13,800 పైచిలుకు చేతికొస్తుంది. ఈ ఏడాది మిగిల్చిన 8,500 కలిపితే 22,300. బొమ్మలకు 3,000 తీసేసినా 19,000 ఉంటుంది. కొన్ని బ్యాంకుల్లో ఏడాది కంటే తక్కువకు ఆర్డీ ఇవ్వరు, అడిగి చూసుకోండి. పోస్టాఫీసు ఆర్డీ దీనికి పనికిరాదు, దాని గడువు ఐదేళ్లు. అక్టోబరే ఎందుకంటే, రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే మొదలవుతుంది. డిసెంబరు 26 టికెట్ కావాలంటే అక్టోబరు చివరి వారంలో డబ్బు సిద్ధంగా ఉండాలి.

ఆ డబ్బుతో నేనైతే అరకు వెళ్తాను. రాత్రి స్లీపర్‌లో విశాఖ చేరి, పొద్దున కిరండూల్ రైలెక్కడమే. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు పెడుతూ లెక్కపెడతారు. అద్దాల విస్టాడోమ్ పెట్టె రానుపోనూ అక్కర్లేదు, ఒకవైపు చాలు. దారిలో బొర్రా గుహలు ఉన్నాయి. ఆ వారంలో గదుల అద్దెలు బాగా పెరుగుతాయి కాబట్టి రైలు టికెట్‌తో పాటే గది కూడా బుక్ చేయండి. పాపను ఈ లెక్కలో కూర్చోబెట్టండి. ఉన్నది 19,000 అని చెప్పి, టికెట్లకు ఎంత, గదికి ఎంత, తిండికి ఎంత అని నోట్‌బుక్‌లో తననే రాయమనండి. పదకొండేళ్ల పిల్ల బ్రహ్మాండంగా చేస్తుంది.

మీరు రాయని విషయం ఒకటుంది. అత్యవసరానికి కనీసం మూడు నెలల ఇంటి ఖర్చు పక్కన ఉందా? లేకపోతే ఆ 8,500 ముందు అందులోకి వెళ్లాలి, అరకు ఇంకో ఏడాది ఆగొచ్చు. అప్పటిదాకా బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్ ఉంది, పులిహోర కట్టుకుని వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు.

మీ వారికి ఊటీ చల్లదనం మీద మనసుంటే, ఆయన్ను తప్పుబట్టకుండా ఆ 5,000 ఈఎంఐ కాగితం మీద వేసి చూపించండి. అకౌంటెంట్ కదా, ఇంకేమీ చెప్పనక్కర్లేదు. కొండపల్లికి శనివారం వెళ్లండి, ఆదివారం ఎలాగూ చర్చి ఉంటుంది.